జెండా మీద అక్షరాలు ఎవరు రాశారు?

ఆర్‌ఆర్‌ఆర్ చివర్లో ఒక చిన్న సీను ఉంది. కొట్లాటలన్నీ అయిపోయాయి, గవర్నర్ చచ్చాడు, నీకేం కావాలో అడుగు అంటాడు రామరాజు. చదువు కావాలంటాడు భీమ్. అప్పుడు రామరాజు జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాస్తాడు. 2022 మార్చిలో, సినిమా వచ్చిన వారంలోనే మంచిర్యాలలో చూశాం, హాలు దద్దరిల్లిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. నా పక్క సీట్లో ఉన్నవాడు నాతో ఇంటర్ చదివిన గోండు దోస్తు, ఇప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. మూడు గంటల నుంచి నాకంటే గట్టిగా ఈలలు వేస్తున్నవాడు, కొరడా దెబ్బల పాటకు కళ్ళు తుడుచుకున్నవాడు, ఆ సీను దగ్గర మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

బయటికొచ్చి చాయ్ తాగుతుంటే ఒకే మాట అన్నాడు. "రేపు మా పిల్లలందరూ ఈ సినిమా చూస్తరు. మన భీమ్‌కు చదువు రాదా సార్ అని అడిగితే ఏం చెప్పాలె?"

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది, అందుకే రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, ఆ సినిమా అంటే నాకు ఇష్టం. మూడుసార్లు చూశాను, మళ్ళీ టీవీలో వస్తే ఛానెల్ మార్చను. ఇలాంటి సంగతి ఎత్తగానే "సినిమాను సినిమాలా చూడు, రాజకీయాలు వెతకకు" అంటారు, నాకు బాగా దగ్గరివాళ్ళే అంటారు. కానీ గుర్రం మీద ఎవరు కూర్చుంటారు, కాగడా పట్టుకుని ముందు ఎవరు పరిగెత్తుతారు, ఉపాయం ఎవరికి తడుతుంది, దెబ్బలు ఎవరు తింటారు అని తేల్చకుండా చరిత్ర మీద సాహస చిత్రం తీయడం కుదరదు. అది తేల్చడమే రాజకీయం. నేను కొత్తగా తెచ్చి అంటించేదేమీ లేదు.

పాత్రలకు ఎవరిని తీసుకున్నారన్న దగ్గర మొదలుపెడతాను. 1974లో అల్లూరి సీతారామరాజు వచ్చినప్పుడు రూథర్‌ఫర్డ్ వేషం జగ్గయ్య వేశారు. తెనాలి దగ్గర మోరంపూడి మనిషి. తెల్లదొరగా తెలుగువాడేంటి అని ఎవరూ పేచీ పెట్టలేదు, ఆ కంచు కంఠానికి జనం పడిపోయారు, మా నాన్న ఇప్పటికీ ఆ డైలాగులు చెప్తాడు. 48 ఏళ్ళ తర్వాత ఆర్‌ఆర్‌ఆర్ కోసం గవర్నర్‌గా రే స్టీవెన్‌సన్, అతని భార్యగా ఐర్లండ్ నటి ఆలిసన్ డూడీ, జెన్నీగా ఒలీవియా మోరిస్ వచ్చారు. తెల్లవాళ్ళ పాత్రలకు తెల్లవాళ్ళే ఉండాలి, నోట్లో ఇంగ్లీషు ఇంగ్లీషులాగే పలకాలి అన్న పట్టింపు వచ్చింది. మంచిదే, సినిమాకు నిండుదనం వచ్చింది. మరి భీమ్ వెంట ఢిల్లీ వెళ్ళిన జంగు, లచ్చు, వాళ్ళ పెద్దయ్య? ఛత్రపతి శేఖర్, రాహుల్ రామకృష్ణ, మకరంద్ దేశ్‌పాండే. ముగ్గురూ మంచి నటులు, వాళ్ళ తప్పేం లేదు. కానీ ఐర్లండ్ దాకా వెళ్ళిన పట్టింపు, హైదరాబాద్ నుంచి 300 కిలోమీటర్లు ఉన్న ఆసిఫాబాద్ దాకా ఎందుకు రాలేదు?

హీరో సంగతి నేను అడగడం లేదు. వందల కోట్ల సినిమాకు పెద్ద స్టార్ కావాలి, ఆ లెక్క నాకు అర్థమవుతుంది, పైగా ఎన్టీఆర్ ఆ పాత్రలో ప్రాణం పెట్టాడు. గోండు పాత్ర గోండే వేయాలి, బ్రాహ్మణ పాత్ర బ్రాహ్మణుడే వేయాలి అని గీతలు గీస్తే నటన అన్న మాటకే అర్థం ఉండదు, జగ్గయ్య రూథర్‌ఫర్డ్ కూడా ఉండడు. నా బాధ వేరు. ఎవరైనా ఎవరి పాత్రైనా వేయొచ్చన్న స్వేచ్ఛ మన దగ్గర ఒకే వైపుకు నడుస్తుంది. ఊరివాడు అడవి మనిషిగా వేయొచ్చు. అడవి మనిషి ఊరివాడిగా కాదు కదా, అడవి మనిషిగా వేయడానికి కూడా పిలుపు రాదు.

భాష సంగతి ఇంకా ముల్లులా గుచ్చుకుంటుంది. ఇదే దర్శకుడి బాహుబలిలో కాలకేయులు ఉన్నారు, ఒంటి నిండా నలుపు, చూస్తేనే అసహ్యం పుట్టేలా తీర్చిదిద్దిన గుంపు. వాళ్ళకు మాట్లాడటానికి కిలికి అని ఒక భాషను పనిగట్టుకుని పుట్టించారు, మదన్ కార్కీ కూర్చుని మాటలూ వ్యాకరణమూ అల్లాడు. లేని జాతికి లేని భాష కోసం అంత కష్టపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది మా మాతృభాష అని చెప్పిన గోండి మాత్రం భీమ్ కథలో వినపడదు. తెల్లదొరలు ఎత్తుకెళ్ళే గోండు పిల్ల మల్లి పాడే పాట తెలుగు, భీమ్ మాట తెలంగాణ తెలుగు. మా దోస్తు ఇంట్లో వాళ్ళమ్మ అన్నం పెడుతూ మాట్లాడే మాటల్లో ఒక్క వాక్యం ఆ సినిమాలో పడి ఉంటే, సబ్‌టైటిల్ అక్కర్లేకుండా అర్థం చేసుకునే పిల్లలు ఆదిలాబాద్ నుంచి చంద్రపూర్ దాకా ఎంతమంది ఉంటారో!

ఇప్పుడు చదువు సంగతికి వస్తాను, మా దోస్తు చేతులు ఆగిపోయిన చోటుకు.

మా వైపు చెప్పుకునే భీమ్ కథలో చదువు ఎవరో దానం చేసింది కాదు. భీమ్ వాళ్ళు సాగు చేసుకున్న పంట తనదని సిద్దిఖీ అనే ఆయన మీద పడితే, భీమ్ చేతిలో అతను చచ్చాడు. భీమ్ అక్కడి నుంచి పారిపోయి చాందా చేరాడు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. అక్కడ ప్రెస్సు నడిపే విఠోబా దగ్గర పని చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో పని చేశాడు. దేశం తిరిగి, నాలుగు భాషలు విని, కాగితం మీద ఏం రాస్తే ఎవడి నేల ఎవడికి పోతుందో తెలుసుకుని వచ్చినవాడు జోడేఘాట్ చుట్టూ 12 గూడేలను కూడగట్టాడు. ఆ కథలో భీమ్ బలం కండల్లో లేదు. సినిమాలో పులితో తలపడిన భీమ్ నాకూ నచ్చాడు, కానీ ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే వాళ్ళ మధ్య నిలబడి, చేతులకు సిరా అంటించుకున్న భీమ్‌ను తెర మీద చూడాలని ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

అదొక్కటే కాదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అని ఒక ఊరుంది. అక్కడి గోండుల ఇళ్ళల్లో సొంత లిపిలో రాసిన చేతిరాత పుస్తకాలు దొరికాయి, సుమారు 1750 నాటివని పండితులు లెక్కగట్టారు. జయధీర్ తిరుమలరావు గారి లాంటివాళ్ళు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైపు నుంచి పట్టుబట్టి పనిచేయడంతో ఆ లిపి వెలుగులోకి వచ్చింది, 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. అంటే నేను ఈ తెలుగు టైపు చేస్తున్నట్టే గుంజాల గోండి కూడా ఇప్పుడు ఫోన్‌లో రాయొచ్చు. భీమ్ పుట్టడానికి 150 ఏళ్ళ ముందే రాతపుస్తకాలు దాచుకున్న జాతి మనిషికి, మైదానం నుంచి వచ్చిన స్నేహితుడు అక్షరం దిద్దించాడని చూపిస్తే, గుంజాల పిల్లలు ఏమనుకోవాలి?

అక్కడితో అయిపోలేదు. 1940లో నిజాం పోలీసులు జోడేఘాట్‌లో భీమ్‌ను కాల్చి చంపారు. చంపాక, అసలు ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో చూడమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు పని అప్పజెప్పింది. ఆయన 1941లో మార్లవాయి వచ్చి గోండుల మధ్య గుడిసె వేసుకుని ఉన్నాడు. అడవి శాఖ వేధింపులు, పట్టాలు లేని భూములు, షావుకార్ల అప్పులు, అన్నీ రాసి పెట్టాడు. 1943లో అదే మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. భీమ్ ప్రాణం పోయాక, ఆ ప్రాణం పోయినందువల్లే, ఆ అడవిలోకి బడి వచ్చింది. చదువు భీమ్ తన వాళ్ళకు సంపాదించి పెట్టింది. సినిమాలో భీమ్ చదువు అడుక్కున్నాడు. మా దోస్తు ఇవాళ పని చేసే ఆశ్రమ పాఠశాలల వరస ఎక్కడ మొదలైందంటే అక్కడే మొదలైంది, అందుకే కదా వాడి చేతులు కదల్లేదు.

"ఇది కల్పిత కథ అని ముందే చెప్పారు" అంటారు. చెప్పారు, కాదనను. ఇద్దరు వీరులు ఎప్పుడూ కలవలేదు, కలిసి ఉంటే ఎలా ఉండేది అన్న ఊహే గొప్పది. నేను అడిగేది ఒక్కటే. ఊహకు కళ్ళెం లేదు కదా, ఎటైనా పోవచ్చు కదా, మరి పాత దారినే ఎందుకు పట్టింది? బుద్ధి ఒకరికి, బలం ఒకరికి. గురువు ఒకరు, అమాయకుడు ఒకరు. అడవిలో అక్షరం భీమే రామరాజుకు నేర్పినట్టు, ఏ ఆకు కట్టు కడితే ఏ గాయం మానుతుందో చెప్పి పక్కనే దాని గోండి పేరు మట్టిలో రాసి చూపినట్టు ఊహించడానికి ఖర్చు కూడా ఎక్కువ కాదు.

ఇక శత్రువు ఎవరు అన్న ప్రశ్న. నాకు అసలు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

భీమ్ పోరాడింది నిజాం సర్కారుతో. సినిమాలో నిజాం తరఫున వచ్చేది రాజీవ్ కనకాల వేసిన పాత్ర ఒక్కటే, అదీ ఢిల్లీ వెళ్ళి, ఆ పిల్లను వెనక్కి ఇచ్చెయ్యండి, గోండులకు ఒక కాపరి ఉంటాడు, వాడు వస్తాడు అని తెల్లవాళ్ళను హెచ్చరించడానికి. భీమ్‌ను చంపిన ప్రభుత్వం భీమ్ గొప్పదనాన్ని చాటే దూతగా మారిపోయింది. 2020 అక్టోబర్‌లో టీజర్ వచ్చినప్పుడు రేగిన గొడవ గుర్తుందా? భీమ్ తల మీద ముస్లిం టోపీ ఏంటని. థియేటర్లు తగలబెడతామన్న దాకా పోయింది. అంత గొడవలో నేల గురించి ఒక్క మాట లేదు. టోపీ పెట్టుకున్న నిజాం విలన్‌గా ఉంటే వాళ్ళకు సంబరం, లేకపోతే ఇంకొకళ్ళకు నిమ్మళం. రెండు పక్షాలకూ భీమ్ కావాలి గానీ భీమ్ అడిగిన భూమి అక్కర్లేదు.

ఎందుకంటే భూమి అనగానే నిజాం దగ్గర ఆగదు. ఆసిఫాబాద్ అడవుల్లోకి అప్పు పుస్తకాలు, తక్కెడలు పట్టుకుని వచ్చినవాళ్ళు తెలుగు మాట్లాడేవాళ్ళు, మరాఠీ మాట్లాడేవాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు. అంటే మనం. తెల్లవాడు విలనైతే హాల్లో ఉన్న వెయ్యి మందీ భీమ్ పక్షమే, ఎవరూ కుర్చీలో ఇబ్బందిగా కదలక్కర్లేదు. షావుకారు, పట్వారీ, ఫారెస్టు గార్డు విలన్లయితే సగం హాలు తల దించుకోవాలి.

ఇక్కడ ఆ సినిమాకు దక్కాల్సిన మెప్పు కూడా చెప్పాలి. మొదటి సీనులో మల్లి పాడుతుంది, దొరసాని చేతికి బొమ్మలు వేస్తుంది, వెళ్తూ వెళ్తూ వాళ్ళు తల్లి ముందు రెండు నాణేలు పడేస్తారు. పాటకు ఇచ్చారనుకుంటుంది తల్లి. వాళ్ళు కొన్నది పిల్లను. మన ఏజెన్సీ చరిత్ర మొత్తం ఆ ఒక్క సీనులో ఉంది, నాకు అంతకంటే నిజమైన సీను మన కమర్షియల్ సినిమాల్లో గుర్తు రావడం లేదు. ఇచ్చేవాడు ఒక బేరం అనుకుంటాడు, తీసుకునేవాడి మనసులో వేరే బేరం ఉంటుంది. అంత బాగా పట్టుకున్న సంగతిని తెల్లదొరల చేతిలో పెట్టి, మనల్ని బయట నిలబెట్టేశారు.

ఈ జబ్బు మనొక్కరిదే కాదు. 2022లోనే ద ఉమన్ కింగ్ వచ్చింది, ఇప్పటి బెనిన్ దేశంలో ఒకప్పటి డహోమీ రాజ్యపు ఆడ సైన్యం కథ. నల్లజాతి మహిళ దర్శకత్వం, వయోలా డేవిస్ సేనాని, తెరంతా నల్లజాతి ఆడవాళ్ళే. నాకు ఒళ్ళు పులకరించింది. నటీనటుల ఎంపికలో వంక పెట్టడానికి లేదు. కానీ డహోమీ రాజ్యం చుట్టుపక్కల జాతుల్ని పట్టి తెల్లవాళ్ళకు బానిసలుగా అమ్మి బలిసిన రాజ్యం. సినిమాలో రాజు గెజో మంచి మాటకు మారినట్టు, పామాయిల్ వ్యాపారం వైపు తిరిగినట్టు చూపారు. నిజంలో బ్రిటిష్ నౌకలు ఓడరేవును దిగ్బంధం చేశాకే 1852లో ఒప్పందం మీద సంతకం చేశాడు. ముఖాలు సరిగ్గా ఉన్నా ఇంటి తప్పును ఇంటి బయటకు నెట్టేశారు. కాబట్టి తెర మీద గోండు నటులు కనపడినంత మాత్రాన నా పేచీ తీరిపోదు, కథలో తప్పు ఎవరి గుమ్మం ముందు పెట్టారో కూడా చూస్తాను.

మరోపక్క, రకరకాల వాళ్ళకు చోటివ్వడం అమెరికా నుంచి దిగుమతైన ఫ్యాషన్ అనేవాళ్ళున్నారు. ముగ్గురు మస్కటీర్ల కథ రాసిన అలెగ్జాండర్ డ్యూమా నాయనమ్మ, ఇప్పటి హైతీలో బానిస స్త్రీ. ఆమె కొడుకు ఫ్రెంచి సైన్యంలో జనరల్ అయ్యాడు. అలాంటి డ్యూమా పాత్రను 2010లో ఫ్రాన్స్‌లో సినిమా తీసి గెరార్ డెపార్డ్యూకు ఇచ్చారు, ముఖానికి రంగు, తలకు ఉంగరాల జుట్టు విగ్గు పెట్టి. అంటే రంగు కథలో ముందు నుంచీ ఉంది, తుడిచేశాకే మళ్ళీ పూయాల్సి వచ్చింది.

మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. పల్నాటి యుద్ధం తీసుకోండి. బ్రహ్మనాయుడి సేనలకు నాయకుడు మాల కన్నమదాసు. ఎదుటి పక్షాన మంత్రాంగం నడిపింది ఒక ఆడది, నాయకురాలు నాగమ్మ. అందరూ ఒకే పంక్తిన కూర్చుని తినే చాపకూడు ఆ కథకే గుండెకాయ. ఈ కథను 800 ఏళ్ళుగా పాడుకుంటూ మోసుకొచ్చినవాళ్ళలో ముఖ్యులు దళితులైన వీరవిద్యావంతులు, ఇప్పటికీ కార్తీకంలో కారంపూడి వెళ్తే వాళ్ళ పాట వినొచ్చు. ఇందులో దిగుమతి ఏముంది? కన్నమదాసును మధ్యలో నిలబెట్టి, అతని తలలో ఏం తిరుగుతుందో చూపిస్తూ ఒక పెద్ద సినిమా తీయడానికి చరిత్ర అడ్డం రాదు.

మన్యంలోనూ అంతే. అల్లూరి అంటే నాకు ప్రాణం, చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చేసిన దాడులు ఇప్పుడు చదివినా రక్తం ఉరకలేస్తుంది. కానీ ఆయన పక్కన నడిచిన గాం గంటందొర, మల్లుదొర మనకు పేర్లుగా మాత్రమే తెలుసు. మల్లుదొర దొరికిపోయి అండమాన్ జైలుకు వెళ్ళాడు, బతికి తిరిగొచ్చాడు, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తుపాకుల కోసం పోలీస్ స్టేషన్ మీద పడ్డ మనిషి పార్లమెంటు మెట్లెక్కాడు. ఇంతకంటే సాహస కథ ఏం కావాలి? ఆ కళ్ళతో ఒక సినిమా రాలేదంటే కథ లేక కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఇది రాయకుండా పైన రాసినదంతా రాసే హక్కు నాకు లేదనిపిస్తుంది.

మా తాత 1960ల్లో కరీంనగర్ వైపు నుంచి ఆసిఫాబాద్ వైపు వచ్చి కిరాణా దుకాణం పెట్టాడు. ఉప్పు, కిరసనాయిలు, పొగాకు, పెళ్ళిళ్ళకు బట్టలు, అన్నీ గూడేల వాళ్ళకు ఉద్దెర మీద ఇచ్చి, పంట రాగానే నువ్వులు, పత్తి తూకం వేసుకునేవాడు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం రాకముందే మాకు ఆరెకరాలు వచ్చింది. ఎలా వచ్చిందంటే "బాకీ కింద రాసిచ్చిండ్రు" అనేది మా నాయనమ్మ, అంతకుమించి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. మా తాత మంచివాడు, నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరలు తిప్పినవాడు, నేను ఆయన్ను విలన్ అనలేను, అనను. ఆ నేల పెట్టిన చదువే నేను చదివింది.

సినిమా చూసొచ్చిన తర్వాత సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు తాత రేకు పెట్టె దించి చూశాను. సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా రాసుకున్న భూమి అమ్మకం పత్రం, మడతల దగ్గర చిరిగిపోయిన తెల్ల కాగితం. ఏడెనిమిది వరసలు, హద్దులు, రొక్కం ముట్టిందన్న మాట, ఇద్దరు సాక్షుల సంతకాలు. అడుగున నీలం సిరాతో బొటనవేలి ముద్ర. సిరా ఎక్కువై గీతలు కలిసిపోయాయి, ముద్ర కొంచెం పక్కకు జారింది, చెయ్యి పట్టుకుని వేయించినట్టు. దోస్తుకు ఫొటో తీసి పంపాను. చాలాసేపు నీలం టిక్కులు పడి అలాగే ఉన్నాయి, తర్వాత ఫోన్ చేసి "ఆ ముద్ర కింద పేరు ఏమున్నది?" అని అడిగాడు.

చదివి చెప్పాను. పేరు తెలుగులో ఉంది, గుండ్రటి అక్షరాల్లో, మా తాత చేతిరాత.